ఇటలీ తాతకు నాలుగు చుక్కలు

విశాఖ నుంచి పనిమీద హైదరాబాద్ వెళ్లి చిక్కడపల్లిలో మా సురేష్ గదిలో దిగాను. హోటల్లో వైన్ వడ్డించడం వాడి ఉద్యోగం. ఆ సాయంత్రం డాబా మీద ఇటలీ రెడ్ వైన్లు తెరిచి, ఇంటి ఓనరు యాదమ్మ గారిని కూడా పిలిచాడు.

మొదటి గ్లాసుకే నాకు రాంనగర్ దాకా ఇళ్లన్నీ ముద్దొచ్చాయి. రెండో సీసాకు సురేష్ దాని చరిత్ర అందుకున్నాడు. ఇటలీలో ఎప్పుడో ఒక తాత రాళ్ల గుట్ట మీద ద్రాక్షతోట వేశాడట. మునిమనవలు ఇప్పటికీ ఆ తోట పళ్లతోనే వైన్ చేస్తున్నారట.

యాదమ్మ గారు శ్రద్ధగా విని, గ్లాసు అందుకుని, వేలు ముంచి నేల మీద నాలుగు చుక్కలు చల్లారు.

"ఏమైందమ్మా, పురుగు పడ్డదా?" అని సురేష్ కంగారుపడ్డాడు.

"పురుగేంది? కల్లయినా ఇదయినా ముందుగాల పెద్దోళ్లకు పెట్టాలె గద."

"మీ పెద్దలకా?" అన్నాను.

ఆమె నన్ను జాలిగా చూశారు. "మావోళ్లకెందుకు? తోట పెట్టింది ఆ తాత గద. ఆయన సరుకు తాగుకుంట ఆయనకే పెట్టకుంటె ఎట్ల?"

ఎంత ముచ్చటేసిందంటే, నేను సగం గ్లాసు నేల మీద ఒంపేశాను.

"జర ఆగు బిడ్డా," అన్నారు యాదమ్మ గారు. "ముసలాయనకు ఎక్కువైతది."