కొసకు ఎత్తకుండా దించిన జెండా

మొన్న మా కాలనీవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక సందేశం పంపారు. పంద్రాగస్టున చేసేది జెండా ఎగరేయడమట, జనవరిలో చేసేది ఆవిష్కరించడమట. కింద కట్టి పైకి లాగితే ఒక మాట, పైనే ముడిచి కట్టి తాడు లాగి విప్పితే ఇంకో మాట. నా ఈడువాళ్లు కదా, మీకూ వచ్చే ఉంటుంది. అందరూ అదేదో కొత్త సంగతన్నట్టు మెచ్చుకుంటుంటే నేను మాత్రం ఫోను పక్కన పెట్టేశాను, ఎందుకంటే ఆ మాటలన్నీ నా పడుచుతనంలోనే మా బావ, అంటే మా అక్క మొగుడు, నాకు నేర్పినవి.

అప్పట్లో మేమిద్దరం మంగంపేట దారిలో ముగ్గురాయిని పొడి కొట్టే ఒక మిల్లులో పనిచేసేవాళ్లం. సాయంత్రానికి కనురెప్పల మీద కూడా తెల్లటి దుమ్ము పేరుకుని, ఎవరు ఎవరో గొంతును బట్టి పోల్చుకోవాల్సి వచ్చేది. బావ మా సంఘానికి నాయకుడు. గేటు ఎదుట దిమ్మె కట్టించి సంఘం జెండా నిలిపింది ఆయనే, ఊరేగింపుల్లో ఆయన వెనకాల జెండా మోసింది నేను. మనిషి పోయినప్పుడు జెండాను సగానికి దించడాన్ని అవనతం అంటారని ఆయన చెబితేనే తెలిసింది. "సగానికి దించేముందు కొస దాకా ఎత్తాల బామ్మర్దీ. తీసేటప్పుడూ కొసకు ఎత్తినాకే దించాల. అట్ల చేయకుంటే జెండా పీకేసినట్లే" అనేవాడు.

మా పక్కింటి సాయిబు, మేమంతా చాచా అని పిలిచే పెద్దాయన, ఒకరోజు మిల్లు బెల్టులో చిక్కుకుని పోయాడు. బెల్టుకు కంచె వేయాలని, చాచా కొడుకును పనిలోకి తీసుకోవాలని మేం పని ఆపేశాం. బావ జెండాను పద్ధతిగా కొసకు ఎత్తి సగానికి దించి, "నేను లోపల మాట్లాడి వస్తా, ఎవురూ కదలొద్దండి" అని గేటు దాటిపోయాడు. మేం ఎండలో తలలు వంచుకుని నిలబడ్డాం. చాచా భార్య కొంగు నోట్లో కుక్కుకుని ఆ దిమ్మె పక్కనే కూర్చుంది.

పొద్దు వాలినాక బావ బయటికొచ్చాడు. ఎవరి ముఖమూ చూడకుండా తాడు విప్పి, సగంలో ఉన్న జెండాను ఉన్నట్టుగానే కిందికి లాగేశాడు. "రేపట్నుంచి పనికి పోండి" అన్నాడు, అంతే. కంచె మాట లేదు, చాచా కొడుకు మాట లేదు. మరునాడు అందరినీ లోపలికి వదిలిన కాపలావాడు నన్ను ఆపి, "జెండా మోసినోడివని నిన్ను వద్దన్నారప్పా" అన్నాడు. వద్దన్నదెవరని చూస్తే, కొత్త సూపర్‌వైజరుగా లోపల నిలబడి ఉన్నది మా బావే.

నేరుగా అక్క దగ్గరికి పోయాను. ఆమె నన్ను చూడగానే ఏడ్చింది. "నాకు ముందే తెలుసు తమ్ముడా, నాకూ పిల్లోళ్లుండారు" అంది. జెండా దించిన రోజు పొద్దున నాకు సంగటి పెట్టి, ఇంకొంచెం తినమని బలవంతం చేసిన మనిషి ఆమె. బావ చేసినదానికంటే అదే నన్ను ఎక్కువ కోసింది. ఆ వారమే కోయిలకుంట్లకు పోయి విత్తనాల అంగట్లో కుదిరాను.

చాలా ఏండ్లకు మహానందిలో వాళ్లిద్దరూ ఎదురయ్యారు. బావ తల నెరిసిపోయింది. "నేను కాకుంటే ఇంకెవురో దించుండేవాళ్లు బామ్మర్దీ" అన్నాడు. చాలా అనాలనుకున్నాను గానీ, వెనక అక్క తల దించుకుని నిలబడి ఉండటం చూసి వచ్చేశాను.

ఇప్పుడు మా అబ్బాయి ఆ మంగంపేట పక్కే ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. "ఎవురు పిలిస్తే వాళ్ల జెండా కింద కాసేపు నిలబడి వస్తాం నాయనా" అంటాడు నవ్వుతూ. వాడిని ఎవరూ మోసం చేయలేరు. తండ్రిగా దానికి నేను సంతోషించాలి. కానీ బావ వెనక జెండా మోసుకుంటూ నడిచిన ఆ రోజుల్లో నా గుండె ఎంత నిండుగా ఉండేదో వాడికి ఎలా చెప్పాలో మాత్రం నాకు తెలియదు.