పద్నాలుగో నంబరు పడవ ఉల్టా వాల్వు

మా ఆయన బాంగ్ మన్‌సొక్ కూర్చుంటే లేవని మనిషి. అలాంటివాడు ఆ ఏడాది వసంతంలో కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు. పొద్దున్నే రేవుకు పోతాడు, గంటలో తిరిగొస్తాడు, అన్నం ముందు కూర్చుని రెండు చెంచాలు తిని మళ్లీ చెప్పులేసుకుంటాడు. కొరియా దక్షిణపు కొసన మొక్పో రేవుకు ఎదురుగా నాది నాలుగు బల్లల హోటలు. వచ్చినవాళ్లకు వడ్డించనా, ఈయన్ని కాపలా కాయనా?

కారణం పద్నాలుగో నంబరు గస్తీ పడవ. తీర రక్షక దళంలో పదకొండేళ్లు దాని కడుపులోనే, ఇంజన్ల పక్కనే బతికాడు. సగం చెవుడు దాని చలవే. ఉప్పుమడుల దీవిలో పుట్టి, ఆ ఎండకు తాళలేక పదిహేడేళ్లకే రేవుకు పారిపోయి వచ్చాడు. చదువు తక్కువ, చెయ్యి మాత్రం గొప్పది. చప్పుడు విని ఇంజనుకు ఎక్కడ జబ్బు చేసిందో చెప్పేవాడు. ఆయన రిటైరైన రెండేళ్లకు పడవకూ వయసు మీరిందన్నారు. ఈక్వడార్ దేశానికి ఉచితంగా ఇచ్చేస్తున్నామన్నారు.

మన పాత పడవ భూగోళం అవతల ఎవరి సముద్రానికో ఎందుకు కాపలా కాయాలి? గేటుకు కట్టిన గుడ్డ మీద స్నేహం కోసమని రాశారు. పక్క కొట్టు ఎండుచేపలామె మాత్రం, "స్నేహమా పాడా! పాత సామాను పారెయ్యాలన్నా ఖర్చే కదమ్మా," అంది. మా ఆయన్ని అడిగితే ఒంటికాలి మీద లేచాడు.

సరైన జవాబు ఎఫ్రాయిన్ చెప్పాడు. పడవ నడపడం నేర్చుకోవడానికి ఆ దేశం నుంచి వచ్చిన పన్నెండు మందిలో అతను ఇంజనీరు. మూడు వారాలు నా హోటల్లోనే తిన్నాడు. మొదటిరోజే మా ఊళ్లో ఘాటెక్కేలా మాగబెట్టే టేకు చేప తిని, ముక్కు మండిపోయి కళ్లనీళ్లు కారుతున్నా ఇంకో ముక్క అడిగాడు. అతను ఫోన్లోకి మాట్లాడితే ఫోను మా భాషలో చెప్పేది. ఒక మధ్యాహ్నం మా ఆయన కూడా ఉండగా నేనే అడిగాను, మా పడవతో మీకేం పని నాయనా అని.

"మా అన్న చేపల పడవ తప్పిపోయింది. వెతకడానికి వెళ్లే పడవే లేదు. ఒకటి మరమ్మతులో, ఒకటి ఎక్కడో వెయ్యి మైళ్ల దూరంలో. ఐదో రోజు అన్న పడవ దొరికింది, బోర్లా," అంది ఫోను, వాతావరణ వార్తలు చదువుతున్నట్టు. ఎఫ్రాయిన్ గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు. మా ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు వంటింట్లో కుళాయి కట్టమంటే బుస్సున పూర్తిగా విప్పాడు. ఎన్నేళ్ల నుంచో ఉన్న రోగమే. "కుడేదో ఎడమేదో తెలియని మనిషికి దేశం ఇంజన్లు అప్పజెప్పింది!" అన్నాను. ఎప్పుడూ నవ్వేవాడు ఆ రోజు తడినేల మీదే కూలబడ్డాడు.

"అదేనే. ఆ చెయ్యే కొంప ముంచేది," అని అప్పుడు చెప్పాడు.

తొమ్మిదేళ్ల కిందట, దొంగ వేట పడవల్ని తరిమే రోజుల్లో, ఇంజన్లు చల్లబడటానికి సముద్రపు నీటిని పంపే వాల్వు విరిగింది. సరిపడేది దొరక్క పాత ఇనుము కొట్టు నుంచి ఒకటి తెచ్చి బిగించాడు. లోకంలో వాల్వులు కుడికి తిప్పితే మూసుకుంటాయి. ఇది ఎడమకు తిప్పితే మూసుకుంటుంది. రెండు రోజుల కోసమనుకున్నది అలాగే ఉండిపోయింది. కొత్తగా చేరిన ప్రతివాడి మణికట్టు పట్టుకుని, చెయ్యి దాని మీద పెట్టించి, ఎడమకు తిప్పించేవాడు. అంతే పాఠం. కాగితం మీదికి ఎక్కలేదు. చేతులకు అలవాటయ్యాక అది ఉల్టా అన్న సంగతే అందరూ మర్చిపోయారు.

"మరి వీళ్లకు తెసొప్ నేర్పించలేదా?" అన్నాను. తెసొప్ అంటే మా ఆయన చేతికింద పెరిగినవాడు, ఇప్పుడు ఆ పడవకు చీఫ్ ఇంజనీరు.

"అతిథుల చేత మురికి పని చేయిస్తామా అని వాడే కిందికి దిగి వాడే తిప్పుతున్నాడు. వాళ్లు పైనుంచి చూసి తలలూపుతున్నారు. పైపు పగిలిన రోజున ఆ ఎఫ్రాయిన్ పిల్లాడు మూస్తున్నాననుకుని సముద్రాన్ని లోపలికి వదులుతాడు."

కబురు పంపితే తెసొప్ వచ్చాడు. విన్నాక గ్లాసులో బియ్యం సారా ముట్టుకోలేదు.

"అన్నా, అన్నీ సరిగ్గా ఉన్నాయన్న కాగితం మీద సంతకం నాది. వచ్చే నెల ప్రమోషన్. దాని మీద ఓ చీటీ కట్టేస్తాను, చాలదా?"

"ఇంజన్ గదిలో చీటీ ఎన్నాళ్లుంటుందిరా? వాల్వే మార్చాలి, పడవని గట్టు మీదికి లాగించి."

"మీరు బిగించినదానికి నన్ను బలిస్తారా?"

"ముందు నా పేరే చెప్తాను."

"చెప్తారు, ఎందుకు చెప్పరు! రిటైరైన మనిషి, మీకు పోయేదేముంది? వదినా, నువ్వన్నా చెప్పు."

నేనేం చెప్పను? వాడి పెళ్లి చేయించిందే నేను.

రెండో రోజున అప్పగింత. డెక్కు మీద పంది తలకాయ పెట్టి, సారా పోసి, పడవ చల్లగా ఉండాలని మొక్కారు. పాతవాళ్లనూ పిలిచారు. బియ్యప్పిండి రొట్టెలు తీసుకుని నేనూ వెళ్లాను. మా ఆయన మోకరిల్లి లేచాడు. లేచినవాడు వరుసలోకి రాకుండా తెల్ల దుస్తుల్లో ఉన్న ఎఫ్రాయిన్ మణికట్టు పట్టుకుని ఇంజన్ గదిలోకి దింపుకుపోయాడు. పెద్దలంతా నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. నేను పైనుంచి తొంగి చూశాను.

"మూసెయ్," అని సైగ చేశాడు. ఎఫ్రాయిన్ చక్రాన్ని కుడికి తిప్పాడు. తిప్పే కొద్దీ పైపులో నీళ్ల హోరు పెరిగింది. ఆ కుర్రాడి మొహంలో రక్తం లేదు. ఫోను తీశాడు. "ఎన్నాళ్ల నుంచి?" అంది ఫోను.

"తొమ్మిదేళ్లు. తప్పు నాది."

ఎఫ్రాయిన్ పైకొచ్చి, సంతకం కోసం తెరిచిపెట్టిన పెన్నుకు మూత పెట్టేశాడు.

పడవ ప్రయాణం పద్దెనిమిది రోజులు ఆగింది. కొత్త వాల్వు పడింది. మా ఆయనకు ఇవ్వాల్సిన సన్మాన పత్రం ఇవ్వలేదు, దానికి నేనేం ఏడవలేదు. తెసొప్‌కు ప్రమోషన్ పోయింది, ఎక్కడో దీవిలో చిన్న పడవ మీద వేశారు. ఊరి ఆడవాళ్లంతా వెళ్లే స్నానాల ఇంట్లో వాడి భార్య నన్ను చూసి మొహం తిప్పుకుంది. ఎవరో పరాయివాళ్లు మునగకుండా చూసి సొంత తమ్ముడిలాంటివాణ్ణి ముంచాడని అందరూ అన్నారు. కోపమొచ్చినప్పుడు నేనూ అన్నాను. మా ఆయన రేవుకు పోవడం మానలేదు. పడవే లేని రేవులో ఏం చూస్తాడో!

ఏడు నెలలకు, సరిగ్గా భోజనాల వేళ, తెసొప్ గుమ్మంలో నిలబడ్డాడు. రమ్మంటే లోపలికి రాలేదు.

"ఎఫ్రాయిన్ నాకు ఫోన్ చేశాడు. పైపు పగిలిందట. అప్పటికే తిరగబడ్డ చేపల పడవ నుంచి ఏడుగురిని ఎక్కించుకుని ఉన్నారట. నడుముల దాకా నీళ్లు, దీపాలు పోయాయి. చీకట్లో తడుముకుని మూశాడు."

మా ఆయన లేచి నిలబడ్డాడు. "ఎటు తిప్పాడు?"

"కుడికే," అన్నాడు తెసొప్. "నా చీటీ అయితే నీళ్లలో కొట్టుకుపోయేది. అది నాకు తెలుసన్నా. అయినా మీతో నేను మాట్లాడను. ఇది చెప్పాలని వచ్చాను, అంతే."

దీవికి పోయే పడవ వేళయిందని వెళ్లిపోయాడు. మా ఆయన గుమ్మం దాకా వెళ్లి, వాడు సందు తిరిగేదాకా చూసి, వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. కూర్చుని, నలుగురూ చూస్తున్నారన్న ధ్యాసైనా లేకుండా ఏడ్చాడు.