సిలువ మా ఇంటికొచ్చిన వారం

మా చిన్నప్పుడు మా గుడికి పాస్టరు అయ్యగారు నెలకొక్కసారే వచ్చేవారు... తొమ్మిది ఊళ్ళకు ఆయనొక్కరే, అదీ సైకిలు మీద. మిగతా ఆదివారాలు గుడి మాదే. మా పేటలో పన్నెండు ఇళ్ళు. వారానికొక ఇంటి వంతు.

వంతుకు గుర్తు జానెడు కొయ్య సిలువ. ఆరాధన అయ్యాక ఒక ఇంటివాళ్ళు పక్కింటివాళ్ళకు ఇచ్చేవారు. దాన్ని తెచ్చి గుమ్మం పక్క మేకుకు తగిలించుకుంటే వచ్చే ఆదివారం పని మనదే... గుడి ఊడవాలి, కుండలో నీళ్ళు నింపాలి, వేపకొమ్మకు కట్టిన రైలుపట్టా ముక్క మోగించాలి, వాక్యం చదవాలి. చదువు రాని ఇళ్ళే ఎక్కువ. వాళ్ళు చదువొచ్చినవాళ్ళని బతిమాలుకునేవారు.

మా నాన్న ఎవర్నీ బతిమాలే రకం కాదు. సిలువ చేతికి రాగానే అందరి ముందూ అనేశాడు.

"ఈసారి మా వంతుకెవరూ రానక్కర్లేదు. మావాడు చదువుతాడు."

మావాడంటే నేనే. తొమ్మిదేళ్ళు. రెండో తరగతి సగంలో బడి మానేసి గేదెల వెంట తిరుగుతున్నాను. బడికెళ్ళాడు కాబట్టి చదువు వచ్చేసినట్టేనని నాన్న లెక్క. రాలేదని చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆ వారమంతా... లోపలికి వెళ్ళాలన్నా బయటికి రావాలన్నా గుమ్మంలో ఆ సిలువే. అన్నం దిగేది కాదు. జ్వరమొస్తే బాగుండునని కాలవలో గంటలు గంటలు నానాను. తుమ్ము కూడా రాలేదు.

ఆదివారం పుస్తకం తెరిచి చేతిలో పెట్టారు. ముందు వరసలో నాన్న, మీసం సవరించుకుంటూ. ఒక్కో అక్షరం తెలుసు, కలిపితే మాట కావడం లేదు. నోరెండిపోయింది. గుమ్మం దాకా జనం... పారిపోదామన్నా దారి లేదు.

అప్పుడు ఆడవాళ్ళ చాప మీద నుంచి సుందరమ్మ మామ్మ గొంతు లేచింది. చూపు లేని ముసలావిడ.

"ఏరా, గొంతు పట్టేసిందా? పొద్దున్నే చల్దన్నం తింటే అంతే మరి. నేనంటాను, నా వెనకాల అను."

తనకు కంఠతా వచ్చిన కీర్తన ఎత్తుకుంది. ఆ రోజు చదవాల్సింది అసలు అది కాదు. ఆవిడొక ముక్క, నేనొక ముక్క. మూడో ముక్కకు గుడి మొత్తం అందుకుంది. చదివేదెవరో వినేదెవరో తెలీలేదు.

నాన్న కొట్టలేదు. సిలువ పక్కింటికిచ్చి, "మళ్ళీ పన్నెండిళ్ళూ తిరిగొస్తే మన వంతు. ఈలోగా మామ్మ దగ్గర కూర్చో" అన్నాడు.

కూర్చున్నాను. విని విని నేర్చుకున్నాను. మళ్ళీ వంతొచ్చినప్పుడు పుస్తకంలోకి చూస్తూ గడగడా చెప్పేశాను. నేను చదవట్లేదని అందరికీ తెలుసు. ఒక్కరూ అనలేదు.

అక్కడ మొదలైంది నా అబద్ధం. "తొమ్మిదో ఏటే గుడిలో వాక్యం చదివినవాణ్ణి" అని అరవై ఏళ్ళకు పైగా చెప్పుకున్నాను. పెళ్ళిచూపుల్లో చెప్పాను. కోడలికి చెప్పాను. ఇక్కడ ఆస్ట్రేలియాలో, పెర్త్‌లోని కానింగ్ వేల్ గుడిలోనూ చెప్పాను.

ఈ గుడి అయ్యగారు రిటైరై వెళ్ళిపోయారు, కొత్తవారు ఇంకా రాలేదు. అందుకని పనులన్నీ సంఘమే పంచుకుంటోంది. ప్రార్థన ఒకరు, పాట ఒకరు, గడ్డి కోయడం ఒకరు, టీ ఒకరు. రోస్టర్ అంటారు దాన్ని, ఫోనులో ఉండే వంతుల పట్టీ. తెలుగువాళ్ళం ఎనిమిది కుటుంబాలున్నామని నెలకోసారి తెలుగులో వాక్యం పెట్టారు. ఆ రోస్టర్ చూసేది షీబా అనే నర్సమ్మాయి.

"ఫస్ట్ రీడింగ్ అంకుల్‌దే. నైన్ ఇయర్స్‌కే చదివారంట, లెజెండ్!" అని నా పేరు ఎక్కించేసింది.

కాదని ఏ మొహంతో చెప్పను? ఈ ఊళ్ళో కారు లేనివాడు కాళ్ళు లేనివాడే. కొడుకు దించితే గుడి, లేదంటే నాలుగు గోడలు. నాకున్నది ఆ ఒక్క చోటే, అక్కడ పరువు పోగొట్టుకోలేను. వారమంతా బట్టలుతికే గదిలో తలుపేసుకుని కూడబలుక్కుంటూ కూర్చున్నాను.

"మావయ్యా, మెషీన్ ఆపెయ్యనా?" అని కోడలు తలుపు కొట్టింది.

"ఆపకు" అన్నాను. అది ఆగితే నా తడబాటు బయటికి వినబడుతుంది.

పోయిన ఆదివారం నిలబడ్డాను. రెండు లైన్లు లాగాను. మూడోదాని మధ్యలో ఆగిపోయాను... తొమ్మిదేళ్ళప్పటిలాగే మళ్ళీ నోరెండిపోయింది. ఎవరైనా అందుకుంటారేమోనని చూశాను. అందరూ మర్యాదగా తలలు దించుకున్నారు.

షీబా గబగబా వచ్చింది. "ఇట్స్ ఓకే అంకుల్, నేను ఫినిష్ చేస్తా" అని పుస్తకం తీసుకుని చక్కగా చదివేసింది. నన్ను చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. చప్పట్లు కూడా కొట్టారు. చదవలేనివాడికి చప్పట్లేమిటి?

టీ దగ్గర ఆ అమ్మాయే వచ్చి, "నో వర్రీస్ అంకుల్. రోస్టర్‌లోంచి మీ పేరు తీసేశా. ఇంక హాయిగా రిలాక్స్ అవ్వండి" అంది.

మంచి పిల్ల. నా మంచికే చేసింది. కానీ చదవలేకపోయినప్పుడు కూడా అంత చిన్నబోలేదు నేను.

మా పేటలో వంతు తప్పించుకునే దారి లేదు, నిజమే. కానీ తడబడినవాడి ఇల్లు దాటేసి సిలువ ఏనాడూ పక్కింటికి పోలేదు.

ఇదంతా నేనే రాస్తున్నాను, ఒక్కో అక్షరం వెతుక్కుని కొడుతూ. నాలుగు రోజులు పట్టింది. తప్పులుంటే ఉండనీయండి. నిన్న షీబాకి ఫోన్ చేశాను.

"నా పేరు మళ్ళీ పెట్టమ్మా."

"ఆర్ యూ ష్యూర్ అంకుల్? మళ్ళీ ఆగిపోతే?"

"ఆగిపోతాను. పుస్తకం మాత్రం లాక్కోకు. పక్కన నిలబడి తర్వాతి మాట అందించు, చాలు."

రోస్టర్ తెరిచి చూసినట్టుంది. "నెక్స్ట్ మంత్, సెకండ్ సండే" అంది.

ఇప్పుడు మేకూ లేదు, కొయ్య సిలువా లేదు... ఫోనులో పేరు. ఎక్కించడం తేలికే, తీసేయడమూ తేలికే.

మీరు నోరెండి నిలబడిపోయినప్పుడు వెనక నుంచి అందుకున్న గొంతు ఎవరిది? చెప్పండి... కొంచెం తేలిక మాటల్లో రాయండి. నేనే చదువుకోవాలి.