మేస్త్రిగారి చివరి అప్రెంటిస్‌లు

పోయిన మంగళవారం పొద్దున్న నేను ఆఫీసుకి క్యారేజీ సర్దుకుంటూ ఉంటే, పక్కింటి పిన్నిగారు, మేస్త్రిగారి భార్య, మా వంటింటి కిటికీ దగ్గరకొచ్చి, "అమ్మాయ్, ఓపాలి రా. మీ మేస్త్రి లెగట్లేదు" అన్నారు. నేను వెళ్ళేసరికే అంతా అయిపోయింది. టీ తాగి, పేపరు చూస్తూ కుర్చీలోనే ఒరిగిపోయారట. ఎనభై దాటిన మనిషి, సుఖంగా పోయాడని వచ్చినవాళ్ళందరూ అన్నారు. నాకు మాత్రం ఇంకా మింగుడు పడటం లేదు.

కలకత్తా దగ్గర లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేరి, అప్రెంటిస్‌లకు పని నేర్పే మేస్త్రిగా రిటైరైన మనిషి ఆయన. బదిలీ మీద మేం ఇక్కడికి వచ్చిన రోజున గోడ అవతల తెలుగు వినబడిందని చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాను. తీరా చూస్తే ఆ తెలుగు నాకు సగమే అర్థమైంది. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆ యాసలో బెంగాలీ, హిందీ కలిపి మాట్లాడేవారు. రైలు చక్రాన్ని తట్టి, మోతను బట్టి పగులు చెప్పిన అలవాటుకొద్దీ, ఏ వస్తువు చేతికిచ్చినా వేలి కణుపుతో ఒకసారి తట్టి, చెవి ఒగ్గి వినేవారు. మా కుక్కరు కూడా ఆ పరీక్ష రాసి పాసయింది.

రెండేళ్ళ క్రితం ఆయన కాలికి పుండు పడింది. షుగరు మనిషి, మానలేదు. పిన్నిగారు మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేరు కాబట్టి కలకత్తాలోని పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. అది డాక్టరీ చదువు చెప్పే ఆసుపత్రి. మొదటిరోజు పెద్ద డాక్టరుగారు ఎనిమిదిమంది విద్యార్థులను వెంటేసుకుని వచ్చి, దుప్పటి లాగి, ఇంగ్లీషులో పాఠం చెప్పారు. పిల్లలు వంతులవారీగా వంగి ఆ పుండు చూశారు. ఒకడు పుల్లతో గుచ్చి చూశాడు. ఎవరూ ఆయన ముఖం వంక చూడలేదు. దుప్పటి తిరిగి కప్పకుండానే పక్క మంచానికి వెళ్ళిపోయారు.

మేస్త్రిగారు నాతో మెల్లగా, "కొత్త అప్రెంటిస్‌కి మేం ముందు తుక్కు ఇనుం ఇస్తాం అమ్మా, ఆకురాయి పట్టడం నేర్సుకోడానికి. పాడైపోయినా పరవాలేదని. నాను తుక్కునేటి? పద, ఇంటికెల్దాం" అన్నారు. ఇంటికి వెళితే కాలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టర్లు అప్పటికే చెప్పారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా చెప్పుల కోసం మంచం కింద తడుముకుంటున్నారు. ఈ ఒక్క రాత్రికి ఉండమని బతిమాలాను.

మర్నాడు సెలైన్ పెట్టడానికి హౌస్ సర్జన్ అమ్మాయి ఒకర్తే వచ్చింది. బెంగాలీ పిల్ల, పాతికేళ్ళు కూడా ఉండవు. సూది రెండుసార్లు గుచ్చినా నరం దొరకలేదు. నాకు ఒళ్ళు మండి, "పెద్ద డాక్టర్ని పిలవమ్మా" అని వచ్చీరాని హిందీలో కసిరాను. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేవబోయింది.

"బోషో, మా," అన్నారు మేస్త్రిగారు. కూర్చో తల్లీ అని. తర్వాత నా వైపు తిరిగి, "మా షాపులో ఒక రూలుందమ్మా. పని సెడగొట్టినోడి సేతిలోంచి పనిముట్టు మరొకడు లాక్కోకూడదు. లాక్కున్నావా, ఆడు జన్మలో మరి పట్టుకోడు. నువ్వు అలా బయటికెల్లు" అన్నారు. నన్ను పంపించేశారు! మూడోసారి సూది దిగింది. ఆ పిల్ల వెళ్ళాక, నొప్పి పుట్టలేదా అని అడిగాను. "పుట్టకేటి, పేణం పోయింది. దానికి సెప్పీకు" అన్నారు.

ఊరికే మాత్రం వదల్లేదు. సాయంత్రం ఆ అమ్మాయి కట్టు మార్చడానికి వచ్చినప్పుడు దగ్గర కూర్చోబెట్టుకుని ఒక షరతు పెట్టారు. దుప్పటి తీసేముందు తనని అడగాలి. చూసినవాళ్ళు తమ పేరు చెప్పాలి. అంతే. ఆ తర్వాత ఆ అమ్మాయి మిగతా విద్యార్థులందరికీ అదే అలవాటు చేసింది. "తాతగారూ, చూడమంటారా?" అని బెంగాలీలో అడిగేవారు. ఆయన ఓ క్షణం ఆలోచించినట్టు నటించి, సరేననేవారు. ఒక రోజు నిజంగానే వద్దన్నారు. ఆ కుర్రాడు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా మేస్త్రిగారి సంతోషం చూడాలి.

ఇంటి దగ్గర పుండు ఎందుకు మానలేదో కనిపెట్టింది కూడా ఆ అమ్మాయే. పెద్దవాళ్ళకు తీరిక లేదు. ఈ పిల్ల మంచం అంచున కూర్చుని, ఆయన వర్క్‌షాపు కబుర్లన్నీ వింది. ఆసుపత్రికి చెప్పులతో వచ్చారు గానీ, రిటైరై ఇన్నేళ్ళయినా రోజూ బజారుకి డ్యూటీ బూట్లే తొడుక్కుంటారని ఆ కబుర్లలోనే బయటపడింది. తెప్పించి లోపల చెయ్యి పెట్టి చూసింది. అడుగున మేకు మొన పైకి లేచి ఉంది. స్పర్శ లేని కాలికి తెలియలేదు. చక్రాన్ని తట్టి పగులు చెప్పే మనిషి, తన బూటులో మేకు చూసుకోలేదు! రెండు వేళ్ళు పోయాయి కానీ కాలు దక్కింది. రోజూ పెద్ద డాక్టరు ఎప్పుడొస్తారని గోల పెట్టినదాన్ని, ఆ అమ్మాయి చేతులు పట్టుకుని ఏడ్చేశాను. ఆమెకు నేను ఈ జన్మంతా రుణపడి ఉంటాను.

ఇంటికొచ్చిన నెలకి ఆయన ఒక కాగితం తెచ్చి సాక్షి సంతకం పెట్టమన్నారు. చూస్తే దేహదానం పత్రం. చదువుకునే పిల్లలకు తన శరీరం ఇస్తారట. నేను కోప్పడ్డాను. ఆ మొదటిరోజు అవమానం మరిచిపోయారా అన్నాను.

"మర్సిపోలేదమ్మా. ఆయాల నన్ను అడగలేదు, అందుకే ఏడుపొచ్చింది. ఇప్పుడు నానే ఇస్తన్నాను. నా ఇష్టంతో ఇచ్చింది తుక్కెలాగవుతాది?" అన్నారు. సంతకం పెట్టాను.

ఆ మంగళవారం మధ్యాహ్నమే పిన్నిగారూ నేనూ ఆయన్ని వ్యాన్‌లో గంగ దాటించి ఆ ఆసుపత్రి వాళ్ళ మెడికల్ కాలేజీకి తీసుకెళ్ళాం. అనాటమీ విభాగం ముందు మొదటి సంవత్సరం పిల్లలు పదిమంది దాకా నిలబడి ఉన్నారు. తెల్లకోట్లకు ఇంకా మడత గీతలు పోలేదు. ఏం చెయ్యాలో తెలియక ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు. పిన్నిగారు వాళ్ళ దగ్గరకు వెళ్ళి బెంగాలీలో, "మెల్లగా నేర్చుకోండి నాన్నా, ఆయనకేం తొందర లేదు" అని చెప్పారు. స్ట్రెచరు లోపలికి తీసుకెళ్ళబోతుంటే ఒక అమ్మాయి ఆపమని చెయ్యి ఎత్తింది. వంతెన మీద గాలికి ఆయన తెల్లజుట్టు చెదిరి నుదుటిమీద పడి ఉంది. ఆ పిల్ల వంగి, నిద్రపోతున్న మనిషికి మెలకువ వస్తుందేమోనన్నంత నెమ్మదిగా, వేళ్ళతో ఆ జుట్టును వెనక్కి దువ్వింది.