గంట కొడితే దిగేవాళ్ళు

ఎక్కడైనా ప్రమాద గంట కొడితే జనం పారిపోతారు. మా ఆనకట్ట దగ్గర మాత్రం గంట కొడితే పరిగెత్తుకుంటూ వచ్చి కిందికి దిగేవాళ్ళు. ఆ గంట పక్కనే పదేళ్ళకు పైగా కాపురం చేసినదాన్ని, నా మాట నమ్మండి.

మా ఆయన ఆ ఆనకట్టకు లస్కరు. షట్టర్లు ఎత్తడం, దించడం, వాటి మరలకు గ్రీజు పూయడం, నీటిమట్టం ఎంతుందో పై ఆఫీసుకు కబురు చెప్పడం ఆయన పని. ముత్తుకూరు వైపు సముద్రానికి పోయే ఒక వాగు మీద కట్టిన చిన్న కట్ట అది. ఎగువన నీళ్ళు నిలిచేవి. పక్కనున్న తూము తెరిస్తే పైఊరి కాలువకు పోయేవి. నడుమనున్న మూడు షట్టర్లు ఎత్తితే వాగులో పడి మా ఊరి పొలాలకు, అక్కణ్ణుంచి ఉప్పుటేట్లోకి పోయేవి. ఆ నీళ్ళ వాటా దగ్గర రెండూళ్ళకూ ఎప్పుడూ తగువే. షట్టర్ల కింద నీళ్ళు పడేచోట రాళ్ళు పరిచి సిమెంటు చేసిన చప్టా, దాని కింద ఒక మడుగు. కట్ట చివర మాకిచ్చిన ఒంటిగది ఇల్లు. నేను పెళ్ళయి ఆ గదిలోకి వచ్చేటప్పటికి అణాలు పోయి నయాపైసలు వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. నేను పైసలు లెక్కపెట్టడం నేర్చుకున్నాను గానీ, ఆ జనానికి బుద్ధి చెప్పడం మాత్రం నా వల్ల కాలేదు.

ఒకసారి ఇంజనీరుగారొకాయన జీపులో వచ్చి, ఈ నీళ్ళ మీద చిన్న మర పెట్టి కరెంటు తీయవచ్చేమోనని టేపు పట్టి కొలిచి పోయాడు. మర రాలేదు, కరెంటూ రాలేదు. కరెంటు తీస్తారంట అన్న మాట మాత్రం నెల్లూరు దాకా పోయింది. ఇక ఆదివారం వస్తే చాలు, బస్సు దిగి టిఫిన్ క్యారియర్లతో జనం! మడుగులో ఈతలు, చప్టా మీద పులిహోర. పైకి చూస్తే మడుగు మోకాలి లోతే అనిపించేది. షట్టరు కింద పడే నీళ్ళు నడుమ ఎంత గొయ్యి తవ్వాయో దిగినవాడికేం తెలుసు? నాచు పట్టిన చప్టా మీద జారి మోచేతులు పగలగొట్టుకుని, పసుపు పెట్టమని మా గది ముందుకే వచ్చేవాళ్ళు. పసుపు పెట్టేదాన్ని, దాంతోపాటు నాలుగు తిట్లూ పెట్టేదాన్ని.

పుర్రె బొమ్మ వేసి, ప్రమాదం, దిగరాదు అని రాసి ఒక బోర్డు కూడా పాతారు. బట్టలుతుక్కోవడానికి వచ్చే ఆడవాళ్ళకు అది కమ్మగా పనికొచ్చింది. చీరలు దాని మీదే ఆరేసేవాళ్ళు.

“ఏమక్కా, దాని మీద ఏం రాసుండాదో చూసినావా?” అని అడిగాను ఒకామెను.

“యాడ కనపడతాదమ్మా, చీర కింద ఉండాది గదా,” అని నవ్వింది.

అసలు సంగతి గంటది. షట్టర్లు ఎత్తే ముందు గంట కొట్టాలి, కింద ఎవరూ లేరని చూసుకోవాలి, ఆ తర్వాత మెల్లగా ఎత్తాలి. అదీ రూలు. గంటంటే కట్ట మీద స్తంభానికి వేలాడదీసిన రైలు పట్టా ముక్క. సుత్తితో కొడితే ఊరంతా వినపడేది. ఆ రూలు రాసిన మహానుభావుడు మా ఊరి సంగతి ఎరగడు. గంట మోగిందంటే మావాళ్ళకు అర్థం ఒకటే, కొత్త నీళ్ళొస్తున్నాయని. కొత్త నీళ్ళొస్తుంటే ఇంట్లో కూర్చునే ఆడది ఎవరు? పసుపు, కుంకుమ, గాజులు పళ్ళెంలో పెట్టుకుని గంగమ్మకు ఎదురు పోవాల్సిందే. గట్టు మీద నిలబడి ఇస్తే చెల్లదట, మొదటి నీళ్ళు పాదాలు తడపాలట! మగవాళ్ళకు వేరే ఆశ. షట్టరు లేవగానే చేపలు నీళ్ళకు ఎదురెక్కుతాయి. ఊరి రైతులు బుట్టలతో, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరి పాళెంలో చేపలు పట్టేవాళ్ళు విసురువలలతో చప్టా నిండా నిలబడేవాళ్ళు. మామూలు ఏళ్ళలో మా ఆయన షట్టరు బెత్తెడే ఎత్తేవాడు కాబట్టి నీళ్ళు చీలమండల దాకా వచ్చేవి, ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. ఏమీ కాకపోవడమే వాళ్ళ ధైర్యం.

వీళ్ళందరికీ ముందు నడిచే మనిషి ఎవరనుకున్నారు? సాక్షాత్తూ మా అత్త, లస్కరు తల్లి! ఊళ్ళో పెద్దకొడుకు ఇంట్లో ఉండేది. గంట వినపడగానే పళ్ళెం ఎత్తుకుని వచ్చి, అందరికన్నా ముందు దిగి, నడిమి షట్టరుకు ఎదురుగా నిలబడేది.

“అత్తా, నీళ్ళు ఒక్కసారిగా వచ్చి పడితే ఏం గతి?” అని నెత్తీ నోరూ కొట్టుకునేదాన్ని.

“ఎట్టా పడతాయే? నేనీడ ఉండంగా నా కొడుకు నీళ్ళొదుల్తాడా?” అనేది.

కన్నతల్లే నిలబడింది, మనకేం భయమని మిగతావాళ్ళు. ఇక ఎవరికి చెప్పి ఏం లాభం!

ఒక ఏడు వానలు బాగా ఆలస్యమయ్యాయి. నారుమళ్ళు ఎర్రబడ్డాయి. ఊరంతా ఆ గంట కోసం చెవులు రిక్కించుకుని ఉన్నారు. కార్తీకంలో ఎగువన ఎక్కడో కుండపోత వాన పడింది. మాకు చినుకు లేదు, ఫెళ్ళున ఎండ. పొద్దున నేను అన్నం వారుస్తుంటే సైకిలు మీద ఒకతను రొప్పుతూ వచ్చాడు. పై చెరువుకు గండి పడిందని, నీళ్ళన్నీ మా మీదికే వస్తున్నాయని, మూడు షట్టర్లూ పూర్తిగా ఎత్తేయమని చెప్పి, అదే ఊపున ఆఫీసుకు పోయాడు.

మా ఆయన చెయ్యి అలవాటుగా సుత్తి మీదికి పోయింది.

“కొట్టబాకయ్యా!” అని అరుస్తూ నేను బయటికి వచ్చేసరికే గంట మోగిపోయింది.

ఇంకేముంది! చూస్తుండగానే చప్టా నిండిపోయింది. పళ్ళేలు, బుట్టలు, వలలు. అందరికీ ముందు మా అత్త.

“వరదొస్తా ఉండాదయ్యా, పైకి రండి!” అని గొంతు చించుకున్నాడు మా ఆయన.

“రానీ అన్నా, దానికోసమే గదా కాచుకోనుండాం!” అన్నాడు వల పట్టుకున్న ఒకాయన. అందరూ నవ్వారు.

ఎగువన నీళ్ళు అప్పటికే నీటిమట్టం చూపే రాయిని ముంచి మట్టికట్ట మీదికి ఎక్కుతున్నాయి. షట్టర్లు ఎత్తకపోతే కట్ట తెగి ఊరికి ఊరే పోతుంది. ఎత్తితే చప్టా మీదున్న ఒక్కరూ మిగలరు. మా ఆయన చక్రం పట్టుకుని నిలబడిపోయాడు.

“మా యమ్మ ఉండాది గదే కింద,” అన్నాడు.

నాకు భయం కన్నా ముందు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు మంచిగా చెప్పి చెప్పి నోరు పడిపోయింది. ఆ మంటలో నోటికొచ్చింది అరిచాను.

“మీకు నీళ్ళు లేవు, పాడూ లేవు! తూము తెరిచి అన్నీ పైఊరికి వదులుతా ఉండాడు. గంట మీకు, నీళ్ళు వాళ్ళకు! పోండి ఇళ్ళకు!”

అంతే. వరదంటే కదలని కాళ్ళు పైఊరనగానే కదిలాయి. మగవాళ్ళు బుట్టలు పారేసి మెట్లెక్కారు, వెనకాలే ఆడవాళ్ళు శాపనార్థాలు పెడుతూ ఎక్కారు. ఒకాయన వచ్చీ రాగానే మా ఆయన చొక్కా పట్టుకున్నాడు. చప్టా మీద ఒక్క మనిషి మిగిలింది. మా అత్త.

దడదడా దిగిపోయి చెయ్యి పట్టుకు లాగాను. కదిలితేనా!

“నువ్వు అబద్ధం చెప్తా ఉండావు. నా కొడుకు అట్టాంటి పని చేసేవాడు గాదు,” అంది. ఊరందరిలో ఆ నిజం తెలిసింది ఆమె ఒక్కతికే. అదే ఆమె ప్రాణం మీదికి తెచ్చేట్టుంది!

“అయితే పైకి చూడు, నీ కొడుకును కొడతా ఉండారు,” అన్నాను.

తలెత్తి చూసింది. పళ్ళెం వదిలేసింది.

“నా బిడ్డ మీద చెయ్యేస్తార్రా!” అని అరుస్తూ నాకన్నా ముందు మెట్లెక్కేసింది.

వెనకాలే గట్టెక్కి “ఎత్తెయ్!” అని కేక పెట్టాను. మా ఆయన చొక్కా చిరిగినా విదిలించుకుని చక్రం తిప్పాడు. తమ అరుపులకే దిగొచ్చాడనుకుని వాళ్ళూ ఇద్దరు ముగ్గురు తలా ఒక చెయ్యి వేసి మూడు చక్రాలూ తిప్పారు. ఎర్రనీళ్ళు విరుచుకుపడ్డాయి. చప్టా లేదు, మడుగు లేదు. అత్త పళ్ళెం, బుట్టలు, చీరలతో సహా ఆ బోర్డు, అన్నీ ఉప్పుటేటి దారి పట్టాయి. కట్ట నిలిచింది. జనం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఇప్పటికైనా బుద్ధి వచ్చుంటుందనుకున్నాను. నా పిచ్చి!

సాయంత్రానికల్లా ఊళ్ళో కథ వేరేగా తయారైంది. లస్కరు నీళ్ళు పైఊరికి ఇచ్చేయబోయాడట, తామంతా కట్టెక్కి మెడలు వంచి షట్టర్లు ఎత్తించారట! ప్రాణాలు దక్కినవాళ్ళే మా ఆయనను నీళ్ళదొంగ అన్నారు. మేం అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆయనకు ఆ పేరు పోలేదు. మా అత్త నాతో మాటలు మానేసింది. “నా కొడుకును ఊళ్ళో దొంగను చేసినావు గదే,” అన్నదే ఆఖరి మాట. నాకు కడుపు మండిపోయేది. ఇంటింటికీ పోయి ఒక్కొక్కరినీ కడిగేసి వస్తానని ఎన్నిసార్లు చెంగు బిగించానో. “పోబాకు,” అనేవాడు మా ఆయన. ఎందుకని అడిగితే గ్రీజు డబ్బా తీసుకుని వెళ్ళిపోయేవాడు.

మరుసటి ఏడు మళ్ళీ నీళ్ళొచ్చాయి, మళ్ళీ గంట కొట్టాడు. గబగబా వచ్చి కిందికి చూశాను. చప్టా మీద పిట్ట లేదు. ఊరు ఊరంతా కట్ట మీదే ఉంది, కర్రలు పట్టుకుని, మా ఆయన చుట్టూ.

“ఏం లస్కరూ, ఈ ఏడు కూడా పైఊరికేనా? చూస్తాం, ఈడే ఉంటాం,” అంటున్నారు. ఆడవాళ్ళు పసుపు కుంకుమలు కట్ట మీద నుంచే విసురుతున్నారు. కొడుకు మీద ఈగ వాలకుండా మా అత్త పక్కనే నిలబడి అందరినీ ఉరిమి చూస్తోంది.

ఇక పట్టలేక, జరిగిందంతా చెప్పేద్దామని నోరు తెరిచాను. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

“చెప్పబాకే,” అన్నాడు నాకొక్కదానికే వినపడేట్టు. “అందరూ పైనే ఉండారు, చూడు.”

అని చక్రం తిప్పాడు.