డేవిడ్ కోసం ఉపవాసం

పాలకొల్లులో జాకెట్లు కుట్టే ఆశాజ్యోతి, మిషను ముందు కూర్చోగానే దారాల డబ్బాకు ఫోను ఆనించి అంతరిక్షం సీరియల్ పెట్టుకునేది. సీజన్ సగంలో ఆపేసిన రోజు, కెప్టెన్ డేవిడ్ అంతరిక్ష నౌకలో ఊపిరాడక పడిపోయాడు. మిగతాది ఆరు నెలల తర్వాతేనట. ఫ్యాన్స్ గ్రూపు నిండా ఏడుపు బొమ్మలే. ఆశాజ్యోతి మాత్రం నిజంగానే ఏడ్చి, ఆ కళ్ళతోనే చర్చిలో శుక్రవారం ప్రార్థనకు వెళ్ళింది.

"ఏంటమ్మా, కళ్ళు అలా వాచాయి?" అని పాస్టరమ్మగారు అడిగారు.

"డేవిడ్‌కి ఊపిరి అందట్లేదండి," అనేసింది.

ఎవరని ఎవరూ అడగలేదు. పాస్టరమ్మగారు ఆ పేరు ప్రార్థన చీటీలో రాసుకున్నారు. డెబ్బై ఏళ్ల రూతమ్మగారు మోకాళ్ళ మీద ఉండి, "ప్రభువా, ఆ బిడ్డకు ఊపిరి పోయవయ్యా తండ్రీ!" అని ఏడ్చారు. ఆశాజ్యోతి కూడా అందరితో పాటు ఆమెన్ అంది.

వారం తర్వాత రూతమ్మగారు ఆశాజ్యోతి కుట్టు షాపుకే వచ్చారు. "అబ్బాయికి ఎలా ఉందే? నేను వారమంతా ఒంటిపూటే తింటున్నాను."

ఆశాజ్యోతి మిషను ఆపింది. "డేవిడ్ సీరియల్లో మనిషండి," అంది తలెత్తకుండా.

రూతమ్మగారు గుమ్మం వైపు తిరిగారు. "ముందే చెప్తే రాత్రిళ్ళు అన్నం తినేదాన్ని కదే," అని వెళ్ళిపోయారు.

సీరియల్ మిగతా సగం వచ్చి నెలైంది. ఆశాజ్యోతి ఇంకా చూడలేదు.