జెండా వీరభద్రయ్య

పత్తికి పురుగు పడితే పెద్దకడుబూరు చేల మీద విమానం మందు చల్లేది. పైలట్‌కు సాలు తెలియడానికి చేను చివర తెల్లజెండా పట్టుకుని నిలబడేవాడు వీరభద్రయ్య. అతని నెత్తి మీదికి రాకముందే పాత కంపెనీ పైలట్ మందు ఆపేసేవాడు.

డెబ్బై ఎనిమిదిలో కాంట్రాక్టు కోసం రెండు కంపెనీలు కొట్టుకున్నాయి. కొత్త విమానం చూపించి, ఎకరాకు తక్కువ రేటు వేసిన కొత్త కంపెనీ గెలిచింది. మురిసిపోయి ఆ విమానం ముక్కుకు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టింది వీరభద్రయ్యే.

కొత్త పైలట్ మందు ఆపలేదు. నిలువునా తడిసి, మండే కళ్లతో వీరభద్రయ్య మేనేజరు దగ్గరికి వెళ్లాడు.

"సామీ, నా మీద గూడా కొడతాండాడు."

"ఆపి మళ్లా తెరిస్తే టైం పోతాది. మేమేసిన రేటుకు గిట్టదప్పా."

"పురుగన్నా ఆకు కింద దూరుతాది సామీ. నేను యాడ దూరేది?"